బుధవారం కౌన్సిల్ మీటింగ్, ఎజెండాలో మా పార్కు స్థలం. నాలుగు రోజుల్లో ఏం చేయగలం?

వేపచెట్ల_కాలనీ
మా మున్సిపాలిటీ సాధారణ సమావేశం వచ్చే బుధవారం. ఎజెండా నిన్న రాత్రి వాట్సాప్‌లో చేతికొచ్చింది. మొత్తం 31 అంశాలు. 17వది చదివాక నిద్ర పట్టలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "వార్డులోని మున్సిపల్ ఖాళీ స్థలమునందు షాపింగ్ కాంప్లెక్స్ నిర్మాణమునకు అంచనాలు తయారు చేయు విషయమై కౌన్సిల్ వారి పరిశీలన మరియు ఆమోదము నిమిత్తము సమర్పించడమైనది."

వాళ్లు ఖాళీ స్థలం అంటున్నది మా లేఅవుట్‌లో పార్కుకి వదిలిన జాగా. ప్రహరీ కట్టలేదు, బోర్డు పెట్టలేదు, నిజమే. కానీ అందులో మేం చిన్నప్పుడు నాటిన వేపచెట్లు పదకొండు ఉన్నాయి. పొద్దున పెద్దవాళ్లు నడుస్తారు, సాయంత్రం పిల్లలు ఆడతారు. చుట్టుపక్కల నాలుగు వీధులకి ఆకాశం కనిపించేది అక్కడే.

ఈ రోజు శనివారం. రేపు ఆఫీసు ఉండదు. ఏం చేయాలి, ఎవరిని కలవాలి, ఏం కాగితం ఇవ్వాలి? తెలిసినవాళ్లు చెప్పండి. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్.

గోదారిగట్టు
ముందు కౌన్సిలర్‌ని కలవండి. మిగతాదంతా తర్వాత.

వేపచెట్ల_కాలనీ
కలిశాం. "నాకు కూడా నిన్ననే తెలిసింది" అన్నారు. అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు.

పాత_ఫైళ్లు
మున్సిపల్ ఆఫీసులో 30 ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. ఎజెండా తయారీ లోపలి నుంచి చూసినవాణ్ని, కొంచెం వివరంగా రాస్తాను.

ఎజెండాలో కనిపించే ఆ ఒక్క వాక్యానికి వెనక ఒక ఆఫీసు నోట్ ఉంటుంది. ఇంజినీరింగ్ సెక్షనో, టౌన్ ప్లానింగ్ సెక్షనో దాన్ని తయారుచేసి కమిషనర్‌కి పెడుతుంది. అది ఛైర్‌పర్సన్ దాకా వెళ్లి ఎజెండాలోకి ఎక్కుతుంది. కౌన్సిలర్లలో చాలామంది ఆ నోట్ చూడరు, ఎజెండా వాక్యమే చూస్తారు. అక్కడ "ఖాళీ స్థలం" అని ఉంటే వాళ్ల మనసులో కూడా అది ఖాళీ స్థలమే. మీరు ముందుగా పట్టుకోవాల్సింది ఆ మాటని.

సమావేశం ఎలా నడుస్తుందో కూడా చెప్పాలి. మొదటి గంట నీళ్లు, వీధి దీపాలు, మురుగు కాలువల మీద సభ్యులు మాట్లాడతారు, గొడవ పడతారు. తర్వాత అంశాలు చదవడం మొదలవుతుంది. నంబరు చదువుతారు, "ఆమోదం" అంటారు, తర్వాతి నంబరు. ఎవరో ఒక సభ్యుడు లేచి "ఈ అంశం మీద అభ్యంతరం ఉంది" అంటేనే ఆగుతుంది. 17వ నంబరు దగ్గర లేచి నిలబడే మనిషి మీకు కావాలి. ఆ మనిషి చేతిలో కాగితం ఉండాలి. వట్టి మాట సమావేశం రికార్డులోకి, అంటే మినిట్స్‌లోకి ఎక్కదు.

సోమవారం పొద్దున ఆఫీసుకొచ్చే కాగితాలు నమోదు చేసే ఇన్‌వార్డ్‌లో రాతపూర్వక అభ్యంతరం ఇవ్వండి. ఒకటి కమిషనర్ పేరున, ఒకటి ఛైర్‌పర్సన్ పేరున. రెండింటికీ తేదీతో, నంబరుతో రసీదు తీసుకోండి. కౌన్సిలర్లందరికీ తలా ఒక కాపీ, ఇంటికి వెళ్లి చేతికివ్వండి.

వేపచెట్ల_కాలనీ
@పాత_ఫైళ్లు ఈ వివరం ఎక్కడా దొరకలేదండీ. సోమవారం అన్నారు కదా, ఆ రోజు జనం అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్ కూడా ఉంటుంది. అక్కడా ఇవ్వమంటారా?

పాత_ఫైళ్లు
ఇవ్వండి. అర్జీ నంబరు పడుతుంది, జవాబు చెప్పాల్సిన బాధ్యత వస్తుంది. కానీ దాని మీదే ఆధారపడకండి. అర్జీ తిరిగి తిరిగి అదే సెక్షన్ టేబుల్ మీదకి వస్తుంది. బుధవారం లోపు జవాబు రాదు.

నల్లకోటు_శ్రావణి
ఆర్టీఐ పెట్టమని ఎవరైనా అనేలోపు ఒక మాట. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం జవాబుకి 30 రోజుల గడువు. మీకున్నవి నాలుగు రోజులు. ఆర్టీఐ తప్పకుండా పెట్టండి, తర్వాత పనికొస్తుంది. ఇప్పటికి కావాల్సిన కాగితాలు వేరే చోట ఉన్నాయి.

లేఅవుట్‌కి అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్లు, పార్కు స్థలం మున్సిపాలిటీకి ఉచితంగా అప్పగించాలి. సాధారణంగా అది రిజిస్టరైన గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా జరుగుతుంది. ఆ డీడ్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంటుంది. సర్వే నంబరుతో ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీస్తే డాక్యుమెంట్ నంబరు దొరుకుతుంది, దానితో నకలుకి దరఖాస్తు చేయండి. ఆ డీడ్‌లో "పార్కు నిమిత్తం" అని ఒక్క ముక్క ఉంటే మీ అభ్యంతరానికి వెన్నెముక దొరికినట్టే. ఎల్‌పీ (లేఅవుట్ అనుమతి) నంబరున్న లేఅవుట్ ప్లాన్ కాపీ మీ కాలనీలో ఎవరి దగ్గరో ఉంటుంది. బ్యాంకు రుణం తీసుకుని ఇల్లు కట్టినవాళ్లని అడగండి, వాళ్ల ఫైల్లో తప్పకుండా ఉంటుంది.

మబ్బులో_మెరుపు
బ్యాంకు రుణం ఫైలు! మా ఇంట్లో బీరువా అడుగున అలాంటిది ఒకటి ఉంది. దాన్ని ఇంతవరకు ఎవరూ తెరవలేదు.

రెండోవార్డు_రాజు
నిరుత్సాహపరచాలని కాదు గానీ, ఇవన్నీ ముందే అనుకుని పెడతారు. ఎజెండాలోకి వచ్చిందంటే అయిపోయినట్టే. మా దగ్గర కమ్యూనిటీ హాలు విషయంలో మేం 200 సంతకాలతో ఇచ్చాం. అయినా ఆమోదించారు.

పాత_ఫైళ్లు
@రెండోవార్డు_రాజు ఆ సంతకాల కాగితం ఎప్పుడు ఇచ్చారు? మీటింగ్‌కి ముందా, తర్వాతా?

రెండోవార్డు_రాజు
తర్వాత. పేపర్లో వార్త చూశాకే తెలిసింది.

పాత_ఫైళ్లు
తేడా అంతా అక్కడే ఉంది. తీర్మానం కాకముందు అభ్యంతరం ఫైల్లో ఉంటే దాన్ని దాటి ఎందుకు వెళ్లామో ఆఫీసు రాసుకోవాలి. అయిపోయాక వస్తే "కౌన్సిల్ ఆమోదించినది" అని ఒక్క వాక్యం రాసి మూసేస్తారు. మీ శ్రమని తక్కువ చేయడం లేదు. 200 సంతకాలు సేకరించడం మామూలు విషయం కాదు.

పూలబండి_7
నేను ఇక్కడ వేరే మాట చెప్పాలి. కోపం తెచ్చుకోకండి.

నేను రోడ్డు పక్కన బండి మీద పూలు అమ్ముతాను. పన్నెండేళ్లుగా అదే పని. కాంప్లెక్స్ వస్తుందంటే మాలాంటి వాళ్లకి ఒక చిన్న గది దొరుకుతుందేమోనని ఆశ. వానొస్తే సరుకంతా పోతుంది. ట్రాఫిక్ డ్రైవ్ అని వచ్చి బండి ఎత్తుకుపోతారు. మీ కాలనీకి పార్కు కావాలి, నిజమే. మాకు నిలబడే చోటు కావాలి. అదీ మున్సిపాలిటీ చూడాల్సిందే కదా?

వేపచెట్ల_కాలనీ
@పూలబండి_7 కోపం ఎందుకండీ. మీరు చెప్పింది న్యాయం. మేం రాసే కాగితంలో షాపులే వద్దని ఉండకూడదు, నాకు ఇప్పుడు అర్థమైంది. వేరే చోటు చూపించాలి.

నల్లకోటు_శ్రావణి
@పూలబండి_7 మీ కోసం 2014లోనే ఒక చట్టం వచ్చింది, వీధి వ్యాపారులది. దాని ప్రకారం ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులు, అదీ వ్యాపారులే ఎన్నుకున్నవాళ్లు ఉండాలి. సర్వే చేయాలి, సర్టిఫికెట్ ఇవ్వాలి, వ్యాపారానికి జోన్లు గుర్తించాలి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్లని తీసేయకూడదు. మీ పేరు సర్వేలో ఉందా?

పూలబండి_7
కార్డు ఇచ్చారు. కమిటీ సంగతి తెలియదు. ఎన్నిక జరిగినట్టు ఎవరూ చెప్పలేదు.

గోదారిగట్టు
ఇంకో సంగతి. మున్సిపల్ కాంప్లెక్స్ గదులు వేలంలో పోతాయి. ఎక్కువ పాడినవాడికే గది. మా ఊళ్లో కట్టిన కాంప్లెక్స్‌లో బండివాళ్లకి ఒక్క గది కూడా రాలేదు. పెద్ద షాపులవాళ్లే రెండేసి తీసుకున్నారు. @పూలబండి_7 అన్నా, మీ ఆశ తీరాలంటే కాంప్లెక్స్ కన్నా వెండింగ్ జోనే నయం.

పూలబండి_7
వేలం సంగతి ఆలోచించలేదు. మావాళ్లతో మాట్లాడతాను.

రమణ_లెక్కలు
అందరూ 17 దగ్గరే ఉన్నారు. ఎజెండాలో 9వ అంశం ఎవరైనా చూశారా? @వేపచెట్ల_కాలనీ మొత్తం ఎజెండా పెట్టగలరా?

వేపచెట్ల_కాలనీ
9: "నీటి కుళాయి చార్జీల సవరణ విషయమై". అంతే ఉంది. ఎంతకి సవరణ అనేది లేదు. 17 కంగారులో దీన్ని చూడలేదు.

రమణ_లెక్కలు
చూశారా. పార్కు నాలుగు వీధుల సమస్య. కుళాయి చార్జీ ఊరందరిదీ. దాని మీద ఒక్కరూ మాట్లాడరు, ఎందుకంటే పక్కన అంకె లేదు.

పన్నుల సంగతి కూడా ఇలాగే మెల్లగా మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి పన్ను ఒకప్పుడు అద్దె విలువ మీద ఉండేది. 2020లో చట్టం సవరించి 2021 నుంచి ఆస్తి మూలధన విలువ మీదకి మార్చారు. ఏటా 15 శాతం మించి పెరగకూడదని పరిమితి పెట్టారు. పెరుగుదల ఏటా వస్తుంది గనుక చాలామందికి అది మార్పులా కనిపించడం లేదు, కానీ నాలుగైదేళ్ల రసీదులు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. చెత్త పన్ను కూడా 2021లోనే వచ్చింది, జనం గట్టిగా మాట్లాడారు, 2024లో రద్దు చేస్తామని ప్రకటన వచ్చింది.

ఒక్క మున్సిపాలిటీనే అనడం కూడా సరికాదు. 15వ ఆర్థిక సంఘం పట్టణాలకి గ్రాంట్లు ఇవ్వడానికి షరతులు పెట్టింది. లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టాలి, ఆస్తి పన్నుకి కనీస రేట్లు నోటిఫై చేయాలి, ఆపైన రాష్ట్ర ఆర్థిక వృద్ధికి తగ్గట్టు పన్ను వసూలు పెరగాలి. అంటే పై నుంచి డబ్బు రావాలన్నా కింద మన దగ్గర వసూలు పెరగాల్సిందే.

మబ్బులో_మెరుపు
@రమణ_లెక్కలు అయితే చార్జీ పెంచడం తప్పా, ఒప్పా?

రమణ_లెక్కలు
పెంచడం తప్పని నేను అనను. పంపు కరెంటుకి, క్లోరిన్‌కి, పైపుల రిపేరుకి డబ్బు కావాలి. ఎంత ఖర్చవుతోంది, ఎంత వస్తోంది, ఎంత కారిపోతోంది చెప్పి పెంచమంటాను. ఆ మూడు అంకెలు లేకుండా "సవరణ" అని ఒక్క మాట రాయడమే తప్పు.

రెండోవార్డు_రాజు
ఈ విషయంలో మాత్రం రమణ గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. మాకు రోజు విడిచి రోజు నీళ్లు. చార్జీ మాత్రం ప్రతి నెలా.

కాకతీయ_బిడ్డ
తెలంగాణ నుంచి. మా దగ్గర 2019 మున్సిపల్ చట్టంలో వార్డు కమిటీలు రాశారు. ప్రతి వార్డుకి నాలుగు: యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు. ఒక్కో దాంట్లో 15 మంది. నేను వయోవృద్ధుల కమిటీలో సభ్యుణ్ని. కాగితం మీద చూస్తే ఎంతో సంతోషం కలిగింది. ఇప్పటిదాకా మమ్మల్ని రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ మొక్కలు నాటడానికే. మొక్కలు నాటడం నాకు ఇష్టమే, కానీ మా వార్డులో ఏ పని ముందు చేయాలో అడుగుతారని ఎదురుచూశాను.

మీకు వార్డు సచివాలయాలు ఉన్నాయి కదా? అక్కడ ప్లానింగ్ సెక్రటరీ ఉంటారంటారు.

వేపచెట్ల_కాలనీ
@కాకతీయ_బిడ్డ ఉన్నారండీ. 2019 అక్టోబరులో మొదలయ్యాయి. ప్లానింగ్ సెక్రటరీ చిన్న కుర్రాడు, మంచివాడు. అతనే మొదట నాతో, "అన్నా, ఆ స్థలం రికార్డులో పార్కే, నేను చూశాను" అన్నాడు. రాసివ్వమంటే భయపడ్డాడు. బలవంతం చేయలేదు. అతని ఉద్యోగం అతనిది.

పాత_ఫైళ్లు
మంచి పని చేశారు. చిన్న ఉద్యోగిని ఇరికించకండి. నకలు చేతికొస్తే అతని మాట అవసరమే ఉండదు.

కాలేజీ_కుర్రోడు
ఒక సందేహం. కౌన్సిల్ మీటింగ్‌కి మామూలు జనం వెళ్లొచ్చా?

పాత_ఫైళ్లు
మా ఆఫీసులో వెనక గ్యాలరీ ఉండేది. విలేకరులు కూర్చునేవారు. జనం అడిగితే కూర్చోబెట్టేవాళ్లం, మాట్లాడనిచ్చేవాళ్లం కాదు. ముందురోజు కమిషనర్‌కి చిన్న లేఖ ఇచ్చి అడగండి. గుంపుగా వెళ్లకండి, ఇద్దరు ముగ్గురు చాలు. పుస్తకం, పెన్ను తీసుకెళ్లండి. ఫోన్ బయటికి తీయకండి.

కాలేజీ_కుర్రోడు
మా పొలిటికల్ సైన్స్ పుస్తకంలో పట్టణ పాలక సంస్థల గురించిన 74వ రాజ్యాంగ సవరణ ఉంది. 1993 జూన్ 1 నుంచి అమలు, 12వ షెడ్యూల్, మున్సిపాలిటీలకి అప్పగించదగ్గ 18 అంశాలు. పరీక్ష కోసం బట్టీ పట్టాను. అందులో పార్కులు, ఉద్యానవనాలు, ఆటస్థలాలు ఉన్నాయని ఇప్పుడు మళ్లీ తీసి చూశాను. నిజంగా మన వీధి గురించే రాసినట్టుంది.

కాకతీయ_బిడ్డ
@కాలేజీ_కుర్రోడు అదే సవరణలో 3 లక్షలు, అంతకు పైగా జనాభా ఉన్న చోట వార్డు కమిటీలు వేయాలని కూడా ఉంది, అది కూడా చూడు బాబూ. పాలకవర్గం గడువు ఐదేళ్లు, ఆ గడువు ముగిసేలోపే ఎన్నికలు జరగాలని ఉంది. మా దగ్గర చాలా మున్సిపాలిటీల్లో 2025 జనవరిలో గడువు ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. అప్పుడు తెలిసింది, నచ్చని కౌన్సిలర్ కూడా ఎంత అవసరమో. కనీసం తిట్టడానికైనా తలుపు తట్టే ఇల్లు ఒకటుండేది.

మబ్బులో_మెరుపు
తలుపు తట్టే ఇల్లు. మంచి మాట అన్నారు.

నల్లకోటు_శ్రావణి
పార్కు మీద సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చెబుతాను, మీ అభ్యంతరంలో ఒక పేరాగా పెట్టుకోవచ్చు. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ వర్సెస్ ముద్దప్ప, 1991. అక్కడ లేఅవుట్‌లో పార్కుకి కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రి కట్టడానికి ఒక ట్రస్టుకి ఇచ్చారు. చుట్టుపక్కల ఉండేవాళ్లు కోర్టుకెళ్లారు. అడగడానికి మీకేం హక్కు అని అవతలివాళ్లు అన్నారు. అక్కడ నివసించేవాళ్లకి ఆ హక్కు ఉందని కోర్టు చెప్పింది. ఆసుపత్రి కూడా జనానికి మేలు చేసేదే కదా అంటే, పార్కు చేసే మేలు వేరు, ఒకదాని బదులు ఇంకొకటి పెట్టడానికి కుదరదని చెప్పింది. కేటాయింపు నిలవలేదు.

గమనించండి, అక్కడ అవతల ఉన్నది ఆసుపత్రి. మీ విషయంలో షాపులు.

ఇంకోటి. మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం పార్కుగా చూపి ఉంటే దాని వినియోగం మార్చడానికి కౌన్సిల్ తీర్మానం ఒక్కటే సరిపోదు. ప్రభుత్వం ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు పిలవాలి. తీర్మానం చట్టానికి విరుద్ధంగా ఉంటే దాన్ని నిలిపేసే, రద్దు చేసే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది. బుధవారం ఓడిపోయినా దారి మూసుకుపోదు.

గోదారిగట్టు
కోర్టు మాట వచ్చింది కాబట్టి రత్లాం కేసు కూడా చెప్పాలి. 1980. మధ్యప్రదేశ్‌లో ఒక వార్డు జనం మురుగు, దుర్వాసన భరించలేక మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లారు. మా దగ్గర డబ్బు లేదని మున్సిపాలిటీ వాదించింది. జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు, డబ్బు లేదని కనీస బాధ్యత తప్పించుకోవడానికి లేదన్నారు. మా నాన్న ఆ రోజుల్లో ఈ తీర్పు వార్త కత్తిరించి డైరీలో అంటించుకున్నారు. మా వీధి కాలువ మీద అర్జీ రాసిన ప్రతిసారీ రత్లాం పేరు రాసేవారు. ఏడేళ్లు రాశారు. కాలువ వచ్చింది. ఆయన వెళ్లిపోయిన మరుసటి ఏడాది వచ్చింది.

వేపచెట్ల_కాలనీ
@గోదారిగట్టు మీ నాన్నగారికి నమస్కారం.

వేపచెట్ల_కాలనీ
సోమవారం రాత్రి. ఈ రోజు జరిగింది చెబుతాను.

లేఅవుట్ ప్లాన్ దొరికింది. @నల్లకోటు_శ్రావణి గారు చెప్పినట్టే మూడో వీధిలో టీచరుగారి బ్యాంకు ఫైల్లో ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలుకి పెట్టాం, సాయంత్రం ఇచ్చారు. గిఫ్ట్ డీడ్ షెడ్యూల్లో రోడ్లు ఒక భాగం, "పార్కు మరియు ఆటస్థలం నిమిత్తం" అని ఇంకో భాగం, కొలతలతో, నాలుగు వైపులా హద్దులతో ఉన్నాయి. ఆ వాక్యం చదువుతుంటే టీచరుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె భర్త ఆ చెట్లకి నీళ్లు మోసినవాళ్లలో ఒకరు.

అభ్యంతర పత్రం ఒకటిన్నర పేజీ. ఇన్‌వార్డ్‌లో రెండు రసీదులు తీసుకున్నాం. 86 సంతకాలు. అడ్డుకునేవాళ్లం అని కాకుండా "స్థలం స్వభావం గురించి కౌన్సిల్ దృష్టికి తెచ్చుట" అని మొదలుపెట్టాం. చివర్లో, వీధి వ్యాపారులకి టౌన్ వెండింగ్ కమిటీ ద్వారా జోన్ గుర్తించాలని ఒక పేరా చేర్చాం. @పూలబండి_7 గారి వల్లే ఆ పేరా వచ్చింది.

పూలబండి_7
మావాళ్లు పదకొండు మంది విడిగా ఒక అర్జీ ఇచ్చారు. పాత బస్టాండు పక్క గోడ వెంట జోన్ అడిగాం.

మబ్బులో_మెరుపు
పదకొండు చెట్లు, పదకొండు మంది. శుభం!

పాత_ఫైళ్లు
కౌన్సిలర్లకి కాపీలు అందాయా? అందరికీ?

వేపచెట్ల_కాలనీ
35 మందిలో 28 మందికి చేతికిచ్చాం. మిగతా ఏడుగురు ఊళ్లో లేరు, ఇంట్లోవాళ్లకి ఇచ్చాం. ఇద్దరు మహిళా కౌన్సిలర్లు కూర్చోబెట్టి మొత్తం చదివించుకున్నారు. ఒకామె, "ఇన్నేళ్లలో మీటింగ్‌కి ముందు మా ఇంటికి కాగితం తెచ్చినవాళ్లు మీరే" అంది. ఆమెది మా వార్డు కూడా కాదు.

రమణ_లెక్కలు
9వ అంశం?

వేపచెట్ల_కాలనీ
దాని మీద కూడా ఒక పేజీ రాసి ఇచ్చాం, మీరు చెప్పిన మూడు అంకెలూ అడుగుతూ. కానీ దానికి సంతకాలు సేకరించే టైం లేకపోయింది.

రెండోవార్డు_రాజు
నేను ముందు నిరుత్సాహంగా మాట్లాడాను. వెనక్కి తీసుకుంటున్నాను. బుధవారం ఏమైందో తప్పకుండా రాయండి.

వేపచెట్ల_కాలనీ
బుధవారం. ఇప్పుడే ఇంటికొచ్చాను. ముగ్గురం గ్యాలరీలో కూర్చున్నాం.

పదిన్నరకి మొదలవ్వాల్సింది పదకొండుంబావుకి మొదలైంది. గంటన్నర తాగునీటి మీదే. 9వ అంశం వచ్చినప్పుడు ఒక సభ్యుడు లేచి "ఎంత పెంచుతున్నారు" అని అడిగాడు. "ఫైల్లో ఉంది" అన్నారు. అతను కూర్చున్నాడు. ఆమోదం. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మా కాగితం గురించి ఎవరూ ఎత్తలేదు. చాలా బాధేసింది.

17 వచ్చింది. మా వార్డు కౌన్సిలర్ లేవలేదు. లేచింది మా కాగితం మొత్తం చదివించుకున్న ఆ ఇద్దరిలో ఒకావిడ. గిఫ్ట్ డీడ్ నకలు పైకెత్తి పట్టుకుని ఆ వాక్యం చదివింది. హాల్లో కాసేపు అందరూ ఒకేసారి మాట్లాడారు. ఒకాయన, "ఊరికి ఆదాయం వద్దా?" అన్నాడు. ఇంకొకాయన బస్టాండు పక్క స్థలం సంగతి ఎత్తాడు. చివరికి టౌన్ ప్లానింగ్ అధికారిని రికార్డు చూసి నివేదిక ఇవ్వమన్నారు. అంశం వాయిదా.

నల్లకోటు_శ్రావణి
చాలా సంతోషం. ఇప్పుడు ఒక ముఖ్యమైన ప్రశ్న. వాయిదానా, తిరస్కరణా? చదివిన మాట సరిగ్గా ఏమిటి?

వేపచెట్ల_కాలనీ
"తదుపరి సమావేశమునకు వాయిదా వేయడమైనది" అని చదివారు. రాసుకున్నాను.

పాత_ఫైళ్లు
అయితే వచ్చే ఎజెండాలో మళ్లీ వస్తుంది, నంబరు మారుతుంది. ఒక్కోసారి ఎజెండాలో రాదు, సమావేశం రోజున టేబుల్ అంశంగా పెడతారు. దాన్ని ముందుగా చూసే అవకాశం ఎవరికీ ఉండదు. అందుకని రేపే మినిట్స్ కాపీకి, 17వ అంశం ఆఫీసు నోట్‌కి ఆర్టీఐ పెట్టండి. టౌన్ ప్లానింగ్ అధికారికి మీ కాగితాలన్నీ ఇంకో సెట్టు ఇవ్వండి, నివేదిక ఆయనే రాయాలి. ఆ కౌన్సిలరమ్మకి కృతజ్ఞతగా ఒక లేఖ రాయండి. ఎవరూ రాయరు, దాచుకుంటారు.

రమణ_లెక్కలు
9 పోయింది. సరే. ఆ తీర్మానం కాపీ కూడా అదే ఆర్టీఐలో అడగండి. ఎంత పెంచారో, ఏ తేదీ నుంచో ముందు తెలియాలి. ఈసారి సంతకాల పని నేను తీసుకుంటాను, మా వైపు ఆరు వార్డుల్లో నాకు మనుషులున్నారు.

కాలేజీ_కుర్రోడు
నేనూ వస్తాను. సెలవులే.

పూలబండి_7
పాత బస్టాండు మాట హాల్లో వచ్చిందని ఇప్పుడే మావాళ్లకి చెప్పాను. వెండింగ్ కమిటీ ఎన్నిక ఎప్పుడని అడుగుతూ అర్జీ రాయాలి. @నల్లకోటు_శ్రావణి అమ్మా, నాకు రాయడం సరిగా రాదు. ఏం రాయాలో చెబితే నా కూతురు రాస్తుంది.

నల్లకోటు_శ్రావణి
తప్పకుండా. రాత్రికి ఇక్కడే పెడతాను, మీ అమ్మాయిని చూసి రాసుకోమనండి. మీ కార్డు నంబరు అర్జీలో వేయడం మరిచిపోవద్దు.

వేపచెట్ల_కాలనీ
ఆర్టీఐ రాశాను. రెండు అంశాలూ ఒకే దరఖాస్తులో పెట్టనా, విడివిడిగానా?

పాత_ఫైళ్లు
విడివిడిగా. ఒకటి ఇంజినీరింగ్ సెక్షన్‌కి పోతుంది, ఇంకోటి టౌన్ ప్లానింగ్‌కి. కలిపితే ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకుంటారు.